పెద్దకోడలి పెట్టె సర్దిన రోజు

మా అక్క కథ నేను న్యాయంగా చెబుతానని ఎవరూ ఆశపడొద్దు. ఆమె తోడికోడలి మాట ఎత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట చల్లారాక చెబుదామంటే ఈ జన్మకు కుదిరే పని కాదు.

అక్క చొక్కాల కార్ఖానాలో ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేస్తుంది. అదే కార్ఖానాలో నేను గుండీలు కుట్టే మిషన్ మీద ఉంటాను. ఇస్త్రీ అయిన చొక్కా తన ముందుకు రాగానే వీపు వైపు అట్టముక్క పెట్టి, చేతులు వెనక్కి మడిచి, పిన్నులు గుచ్చి, కవర్లోకి జారుస్తుంది. మాట్లాడుతున్నా, దగ్గుతున్నా, సూపర్‌వైజరు చేత చీవాట్లు తింటున్నా ఆ చేతులు ఆగవు. చిన్నప్పుడు కూడా అంతే. దుప్పటి అంచులు కలవకపోతే పడుకున్నది మళ్ళీ లేచి సరిచేసేది. నేను మాత్రం బట్టలన్నీ ఉండచుట్టి బీరువాలో కుక్కి, తలుపుకు వీపు ఆనించి మూసే రకాన్ని.

పెళ్ళయి వెళ్ళిన ఇంట్లో అత్తగారు, అన్నదమ్ములిద్దరు, ఒకటే వంటగది. పెద్దకోడలు కళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. రోజంతా వచ్చిన వాళ్ళను "కూర్చోండి, పిలుస్తాం" అని చెప్పీ చెప్పీ ఇంట్లోనూ అదే ధోరణి. ఆవిడ నవ్వితే ఇల్లంతా నవ్వాలి, ఆవిడ మూతి ముడిస్తే ఇల్లంతా పిల్లిలా నడవాలి. మా అక్కేమో నోట్లో నాలుక లేని మనిషి. ఇక చెప్పేదేముంది?

ఆ ఇంట్లో ఎవరు ఊరెళ్ళినా పెట్టె మా అక్క మంచం మీదకు వచ్చేది. పెద్దావిడ మొగుడు మందుల కంపెనీ ఏజెంటు. ఆయన నెలనెలా నగరానికి వెళ్ళేవాడు, అప్పుడప్పుడు ఆవిడ కూడా షికారుగా వెళ్ళేది. వాళ్ళ బట్టలన్నీ అక్కే సర్దాలి. పెద్దావిడ కుర్చీలో కాలు మీద కాలేసుకుని "అది కాదు, ఆ నీలంది" అని వేలు చూపిస్తుంది. ఆవిడ తన జేబురుమాలు తాను మడుచుకోగా నేను చూడలేదు.

కొన్నేళ్ళ కిందట, ఆకులు రాలే కాలంలో, అక్కకు నగరంలోని హెడ్డాఫీసు నుంచి పిలుపొచ్చింది. ప్యాకింగ్ విభాగానికి సూపర్‌వైజరు కావాలి, వచ్చి పెద్దవాళ్ళకు కనబడమన్నారు. అక్క ఊరు దాటడం అదే మొదలు. ఇతరుల బట్టలు ఎన్ని మడిచినా, ఆ ఊళ్ళో ఏ కాలంలో ఏం వేసుకుంటారో ఆమెకెలా తెలుస్తుంది? ఏజెంటు గారి పెట్టెలో ఏడాది పొడుగునా అవే సూట్లు. అందుకే వెళ్ళి పెద్దావిడను అడిగింది.

"ఇప్పుడక్కడ ఒకటే ఉక్కపోత," అందట ఆవిడ. "పల్చటి నూలు బట్టలు చాలు. స్వెటర్ వేసుకున్నావంటే ఏ మారుమూల నుంచి దిగిందిరా అనుకుంటారు. కొత్త బూట్లు కొనుక్కో, దర్జాగా ఉంటుంది."

అక్క నమ్మింది. తెల్లారి బస్సు దిగేసరికి నది మీంచి ఈడ్చి కొట్టే గాలి, దాని వెంట సన్నటి వాన. రాళ్ళు పరిచిన వీధుల్లో కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. ఆఫీసు మెట్ల దగ్గరకు వచ్చేసరికి ఇక నడవలేక బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. పైన ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబెడితే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నోట మాట పెగలడం లేదు. వాళ్ళు అది చలి అనుకోలేదు, భయం అనుకున్నారు. ఇంత పిరికి మనిషి పదిమంది చేత పనేం చేయిస్తుందని ఇంకొకరికి ఇచ్చేశారు.

జ్వరంతో తిరిగొచ్చిన అక్కను చూసి పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, కాలం చూసుకుని బట్టలు పెట్టుకోవద్దూ? ఇంతమందికి సర్దుతావు, నీ మట్టుకు నీకు తెలీదా?" ఆ తర్వాత అది ఇంటికొక వేడుక అయిపోయింది. చుట్టాలెవరొచ్చినా, మా అక్క బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కిన తీరు పెద్దావిడ నడిచి మరీ చూపించేది. మా బావ, అంటే అక్క మొగుడు, అందరికంటే గట్టిగా నవ్వేవాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాడు.

జ్వరం తగ్గాక అక్క పెరట్లో బట్టలు తీస్తుంటే తీగ మీద ఏజెంటు గారి ఉన్ని మఫ్లరు కనిపించింది. ఆయన అక్క వెళ్ళడానికి ముందు వారమే నగరం నుంచి వచ్చాడు. తడిసిన ఆ మఫ్లరును అప్పుడు ఆరేసింది పెద్దావిడే; అక్క జ్వరంతో పడుకోవడంతో తీసేవాళ్ళు లేక అలాగే ఉండిపోయింది. అంటే అక్కడ చలి ఉందని ఆవిడకు తెలుసు. తెలిసే చెప్పింది. తోడికోడలు సూపర్‌వైజరైతే కాఫీ కప్పు చేతికందించే వాళ్ళెవరు?

నాతో చెబితే నేను పళ్ళు నూరాను. "ఇప్పుడే పద, నలుగురిలో కడిగేద్దాం."

"నేనలా అనలేదంటుంది. అప్పుడేం చేస్తావే?" అంది అక్క.

ఊరుకుందనుకున్నాను. ఊరుకోలేదు. ఆ నగరం వాతావరణం మీద పగబట్టింది. కార్ఖానాకు సరుకు తీసుకెళ్ళడానికి వచ్చే డ్రైవర్లను, గుండీలు అమ్మే ఏజెంట్లను, ఎవరు దొరికితే వాళ్ళను ఆపి అడిగేది. ఈ నెలలో అక్కడ పొద్దున్న ఎలా ఉంటుంది? మధ్యాహ్నం? వాన ఎటునుంచి కొడుతుంది? మీరేం వేసుకున్నారు? అలా అడిగి అడిగి మొత్తం పట్టేసింది. ఒకటే లావుపాటి కోటు వేసుకుంటే మధ్యాహ్నం ఎండకు ఉడికిపోతారు, కాబట్టి పల్చటిది లోపల, దాని మీద స్వెటర్, పైన వాన కోటు, ఎండ పెరిగే కొద్దీ ఒక్కొక్కటీ విప్పుకోవాలి. కాలికి అలవాటైన పాత బూట్లే వేసుకోవాలి. బురద పడ్డా కనబడని ముదురు రంగులు మేలు. మారు మేజోళ్ళు, చిన్న గొడుగు, ఇంకో స్వెటర్ పెద్ద పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి. ఎందుకంటే బస్సులో పెద్ద పెట్టె కిందికి పోతుంది, ఊరు వచ్చేదాకా పైకి రాదు. నగరానికి వెళ్ళేవాళ్ళు ముందు మా అక్కను అడిగి వెళ్ళడం వీధిలో మామూలైపోయింది. ఇంట్లో మాత్రం ఆ బూట్ల హాస్యం అలాగే నడుస్తూ వచ్చింది.

ఈ ఏడు ఆకులు రాలుతుండగా ఆ సూపర్‌వైజరు పనికే హెడ్డాఫీసు నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. అక్క ఆ సంగతి చెబితే బావ పేపర్లోంచి తలెత్తలేదు. "ఎందుకులే, ఇంకోసారి నవ్వులపాలు కావడానికా? అది నీ వల్ల కాదు." ఈసారి ఈ అవకాశం పోతే ఇక జన్మలో పిలవరని నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. అక్క లోపలికి వెళ్ళిపోయింది.

అదే వారం పెద్దావిడకూ ఒక కబురొచ్చింది. కళ్ళ డాక్టరు నగరంలో పెద్ద ఆసుపత్రి తెరుస్తున్నాడు. ప్రారంభం రోజు ఈవిడ ముందు నిలబడి అతిథులను ఆహ్వానించాలి. ఆ తీరు నచ్చితే అక్కడి రిసెప్షన్ అంతా ఈవిడ చేతుల్లోనే. ఇల్లంతా ఒకటే హడావిడి. ఆదివారం మధ్యాహ్నం పెద్ద పెట్టె షరా మామూలుగా మా అక్క మంచం మీదకు చేరింది.

నేనూ అక్కడే ఉన్నాను. వంటింట్లో అక్క చెవిలో చెప్పాను, "దేవుడిచ్చిన అవకాశం. పల్చటివన్నీ పెట్టు. కొత్త బూట్లు పెట్టు. వణకనీ."

"నేను తప్పుగా సర్దితే అది నా తప్పవుతుంది," అంది అక్క. "నువ్వు నోరు మూసుకుని కూర్చో."

అత్తగారు కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తున్నారు. అన్నదమ్ములిద్దరూ టీ తాగుతున్నారు. పెద్దావిడ కుర్చీలో ఆసీనురాలైంది. అక్క ఒక్కొక్కటే ఎంతో శ్రద్ధగా మడిచి పెడుతూ, బూడిద రంగు స్వెటర్ చేతిలోకి తీసుకుని ఆగి, పెద్దావిడను అడిగింది.

"అక్కా, ఇది ఎందుకు బరువు? ఈ నెలలో అక్కడ ఉక్కపోత కదా. తీసేయనా?"

"నీకేం తెలుసే!" పెద్దావిడ పకపకా నవ్వింది. "ఈ నెల వచ్చిందంటే అక్కడ పొద్దున్నే నోరు తెరిస్తే పొగ! స్వెటర్ లేకుండా గడప దాటలేం."

"ఈ మధ్యే అలా అయ్యిందా?"

"ఈ మధ్యేమిటి! పెళ్ళయిన కొత్తలో మీ బావగారితో మొదటిసారి వెళ్ళినప్పుడూ అంతే. ఏటా అంతే. పదిసార్లు వెళ్ళొచ్చిన దాన్ని, నాకు చెబుతావేం?"

"సరే. మరి మొన్న కొన్న కొత్త బూట్లు పెట్టనా?"

"మతిపోయిందా నీకు? ఆ రాళ్ళ మీద కొత్త బూట్లతో నడిస్తే మడమలు ఊడొస్తాయి! పాతవి పెట్టు."

అక్క స్వెటర్‌ను మంచం మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"మరి నాకెందుకు చెప్పావక్కా, ఉక్కపోత అని? కొత్త బూట్లు కొనుక్కోమని?"

పెద్దావిడ మొహంలో రంగులు మారాయి. "నేనా? నేనెప్పుడన్నాను?"

"అన్నావు," అన్నారు అత్తగారు. చేతిలో బఠాణీ కాయ అలాగే ఉంది. "నేను ఇక్కడే కూర్చుని విన్నాను. ఆ ఊరి సంగతి నాకేం తెలుసు, నిజమేననుకున్నాను. పదిసార్లు వెళ్ళొచ్చిన దానివి, నీకు తెలుసుగా."

పెద్దావిడ మొగుడి వైపు చూసింది. ఆయన కప్పులోకి చూస్తున్నాడు. కక్కలేక మింగలేక ఆవిడ పడ్డ అవస్థ చూసి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు, ఇప్పటికీ అదొక బాధ.

అక్క రెండు చేతులతో పెట్టె ఎత్తి బోర్లించింది. అంతసేపూ మడిచిందంతా మంచం మీద కుప్పగా పడింది. తన మడతలు తానే చెడగొట్టడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం.

"నీకన్నీ తెలుసు. నువ్వే సర్దుకో," అని, బావ వైపు చూడకుండా, "ఎల్లుండి బస్సుకు నేనూ వెళ్తున్నాను. చెల్లి తోడొస్తుంది," అంది.

ఆ రోజు నగరానికి ఉన్నది ఒకటే బస్సు. పెద్దావిడ కూడా అదే ఎక్కింది. దిగగానే మెరిసిపోవాలని గులాబీ రంగు సిల్కు బట్టల్లో వచ్చింది. పెట్టె మీద కూర్చుని మూసినట్టుంది, ఏదో జాకెట్టు చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. స్వెటర్ ఉందా అంటే ఉంది, పెట్టెలో అట్టడుగున. పెట్టె బస్సు కింద. సగం దారిలో చలి మొదలైంది. ఆవిడ పక్క కిటికీ అద్దం బిగుసుకుపోయి మూతపడదు. పైటను మెడకు చుట్టుకుంది, చేతులు చంకల్లో దాచుకుంది, కాసేపు నిద్రపోతున్నట్టు నటించింది. చివరికి ముందు సీట్లో ఉన్న మా అక్క వైపు వంగింది.

"చెల్లీ, నీ సంచిలో ఇంకో స్వెటర్ ఉంది కదూ?"

"ఉందక్కా."

"కాసేపు ఇవ్వవూ. వణికిపోతున్నాను."

"ఇవ్వనక్కా."

అంతే అంది. సంచి తెరిచి ఆ రెండో స్వెటర్‌ను కూడా తనే మొదటి దాని మీద తొడుక్కుంది. నుదుటి మీద చెమటలు కమ్మాయి. తుడుచుకుంది గానీ విప్పలేదు. మా అక్క ఇంత పాపిష్టిదా అని మీకనిపించవచ్చు. నాకైతే ఆ క్షణంలో ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది.

ఆసుపత్రి ప్రారంభంలో పెద్దావిడ అతిథుల మీద తుమ్మీ తుమ్మీ, ముక్కు ఎర్రబడి, వెనక గదిలో కూర్చోవాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది. రిసెప్షన్ ఇంకెవరికో ఇచ్చారు. అక్క పాత బూట్లతో మెట్లెక్కి, వాన కోటు విప్పి చేతి మీద వేసుకుని, ఆ ముగ్గురినీ సూటిగా చూస్తూ మాట్లాడింది. బల్ల మీదున్న చొక్కాను తప్పుగా మడిచారని వాళ్ళకే చెప్పింది. ఉద్యోగం ఇచ్చారు.

తిరిగి బస్సు దిగేసరికి బావ స్టాండులో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ రాని మనిషి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మా పక్కన నడుస్తూ అన్నాడు.

"పల్చటి బట్టలు వేసుకోమంది వదినే అని ఆ రోజే నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెప్పాను," అంది అక్క. "అప్పుడు మీరు నవ్వుతున్నారు."

బావ సంచి అందుకోబోయాడు. అక్క ఇవ్వలేదు. ఇంటిదాకా తనే మోసుకుంది.