తొలి శ్రోత లేని కార్యక్రమం

సుగుణక్క ఇక లేరన్న దుర్వార్త స్టూడియోకు చేరినప్పుడు, ఆస్పత్రిలో నేను రికార్డు చేసిన ఆమె మాటలనే వింటూ కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్‌లో ఆమె నవ్వుతున్నారు. నమ్మశక్యం కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

ఉప్పుగూడ నుంచి రికార్డర్ సంచిలో వేసుకుని పాతబస్తీ గల్లీలన్నీ తిరిగిన ఆ విదుషీమణే మా ప్రభుత్వ రేడియోకు దేశమంతటా శ్రోతలను సంపాదించిపెట్టారు. ‘గల్లీ ముచ్చట్లు’ కోసం సూరత్‌లో, భివండీలో మనవాళ్లు ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చునేవారు.

ఆమెకొక నియమం. ఎవరి గొంతు రికార్డు చేసినా, ప్రసారానికి ముందు వాళ్లింటికే వెళ్లి వినిపించాలి. “మాట వాళ్లది. ముందుగాల వాళ్లే వినాలె. ఒద్దంటే తీసేద్దాం. గిండ్ల లొల్లేంది?” అనేవారు. ఇక్కడ మేం గడియారం చూస్తూ తలలు పట్టుకుంటే, అక్కడ ఆమె తాపీగా చాయ్ తాగుతుండేవారు.

కోపం ముక్కుమీదే ఉండేది. పంఖా చప్పుడు వచ్చిందని నన్ను చెడామడా తిట్టి, తన సంచిలోని టిఫిన్ డబ్బా చప్పుడును మాత్రం “ఉండనీయ్, మంచిగుంది” అనేవారు.

తొలిసారి మా కార్యక్రమాన్ని దేశవ్యాప్తంగా వేస్తామని ఢిల్లీ నుంచి కబురొచ్చింది. ధూల్‌పేట్‌లో గణపతులకు రంగులద్దే అంజమ్మ, పోయిన కొడుకును తలచుకుని ఏడ్చిన ఘట్టం వాళ్లకు బాగా నచ్చింది. అక్క వెళ్లి వినిపిస్తే అంజమ్మ, “గది ఇంట్ల ఏడ్సుకునేది బిడ్డా, లోకానికి ఒద్దు” అంది. అది తీసేస్తే అవకాశమే పోతుందని నేను బతిమాలాను.

“పోనీయ్ తమ్మీ. రేపు ఆమె మొఖం జూడాలె గద నేను” అన్నారు అక్క.

ఏడుపు స్థానంలో, రంగు కలుపుతూ అంజమ్మ తీసిన కూనిరాగం ఉంచారు. ఢిల్లీవాళ్లు సణుగుతూనే ప్రసారం చేశారు. ఆ తర్వాత నాగపూర్ నుంచి, కటక్ నుంచి ఎవరెవరో ఫోన్ చేసి, మా అమ్మ గొంతూ మీరే రికార్డు చేయండని అడిగారు. ఆ విశ్వాసమే అక్క ఆర్జన.

ఇప్పుడు ఆమె స్మృత్యర్థం కార్యక్రమం సిద్ధం చేశాను. ఆస్పత్రి మాటలు వేయమని అందరూ అడుగుతున్నారు. వాటిలో ఆమె జీవితమంతా ఉంది. అవి వింటే దేశం కన్నీరు పెడుతుంది. కానీ రికార్డర్ ఆపబోతుంటే ఆమె అన్నారు: “ఇంటికొచ్చినంక నేను వింట. గప్పటిదాంక ఎవ్వరికీ వినిపియ్యకు.”

ఆమె ఇంటికి రాలేదు. ఆ లోటు తీర్చేవారు లేరు. నాకు దుఃఖం ఆగడం లేదు.

అక్కా, నీ మాటలు తీసేసిన. ఆ జాగల నీ టిఫిన్ డబ్బా చప్పుడు పెట్టిన.