నాలుగు వందల ఏళ్ల ఇల్లు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు.

మాది ఏజెన్సీలో కొండ మీది పల్లె. కింద సంత ఊరు. పూర్వం ఎవరో రాజులు సంత కోసమే తాడు పట్టి కొలిచినట్టు వీధులు వేయించారట. ఆ వీధుల నడుమ షావుకారుగారి పెంకుటిల్లు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, సంత రోజున, మా అమ్మ అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని నాతో కొండ దిగింది. వాన పట్టుకుంది. ఆకులు తడిస్తే ఎవరూ కొనరని ఆ ఇంటి అరుగెక్కాం. షావుకారు కోడలు లోపల్నుంచి వచ్చి, కట్టల్ని కాలితో వీధి బురదలోకి తోసింది. మేం దిగగానే బిందెడు పసుపు నీళ్లతో అరుగు కడిగించింది. నేను ఏడుస్తుంటే అమ్మ, "ఏడవకే గుంటా, బేగి ఏరు" అంది. అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను మర్చిపోలేదు. చదువుకుని అదే ఊళ్లో టీచర్నయ్యాను.

పాత కట్టడాలు చూసే అధికారులు వచ్చి, ఆ ఇల్లు ఎప్పటిదమ్మా అని నన్నడిగారు. "నాలుగు వందల ఏళ్లు. రాజుగారు సంతకొస్తే ఇక్కడే దిగేవారని మా పెద్దలు చెప్పేవారు" అన్నాను. శుద్ధ అబద్ధం! ఆ ఇంటి మద్ది దూలాలు కొండ మీంచి మోసింది మా తాతే. కొండవాళ్ల నోటి మాట కదా, ముచ్చటపడి రాసుకున్నారు. కొన్నాళ్లకు ఆ ఇంటి ముందు 'రక్షిత కట్టడం' అని ప్రభుత్వం బోర్డు పడింది. అనుమతి లేనిదే పెంకు కూడా మార్చకూడదట. ఊరంతా ఆ ఇంటికి గౌరవం దక్కిందనుకుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ కోడలు ఇప్పుడు ముసలిది, ఒంటరిది. నడింటి కప్పు కూలిపోయింది. బాగు చేయించుకోవడానికి లేదు, అమ్ముకోవడానికి లేదు. వానొస్తే చుట్టూ గిన్నెలు పెట్టుకుని వంటింటి మూల కూర్చుంటుందట. నాకు జాలి వేయలేదా? వేసింది. దాని వెనకే, తడవనీ, బాగా తడవనీ అనిపించింది. ఈ రెండింటిలో నేనెవర్ని?

మొన్న సంత రోజున వానలో వచ్చి మా మెట్టు కింద నిలబడింది. నేనెవరి కూతుర్నో ఆవిడకి గుర్తు లేదు.

"టీచరమ్మా, అర్జీ ఒకటి రాసిపెట్టవా తల్లీ? ఇల్లు నెత్తి మీద పడీలాగుంది. ఏటి సెయ్యాలో తెల్దు."

"పైకి రండి" అన్నాను.

వచ్చి అరుగు చివర ముడుచుకుని కూర్చుంది. ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాశాను. ఆ ఇల్లు మా తాత నాటిదని ఒక్క ముక్క రాస్తే బోర్డు ఊడివచ్చేదేమో. రాయలేదు. "సల్లగుండు తల్లీ" అని దీవించి వెళ్లింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూశాను. లోపలికెళ్లి, బిందెడు నీళ్లలో పసుపు కలిపి తెచ్చి, అరుగు కడిగాను.

అమ్మ ఉంటే ఆ బిందె లాక్కునేది. చెప్పేశాను. కాస్త ఊపిరాడుతోంది. బోర్డు మాత్రం ఇంకా అక్కడే ఉంది.