సున్నం ఎక్కడుండాలో చెప్పిన మావ

మావ పోయాడన్న కబురు మొన్న మంగళవారం పొద్దున్న నేను పరంజా మీద ఉండగా వచ్చింది. గజపతినగరంలో ఓ ఇంటి మూడో అంతస్తు గోడకి సిమెంటు పూస్తున్నాను. అత్త ఫోను చేసింది. "నిద్రలోనే ఎలిపోనాడ్రా," అంది. కలిపిన మాలు గట్టిపడిపోతుందని చేతిలో పని పూర్తిచేసే దిగాను. వదిలేసి వెళ్తే మావే తిట్టేవాడు.

రక్తసంబంధం కాదు, పక్కింటి మావ. విజయనగరంలో ఓ కాలేజీ లేబులో అటెండరుగా ముప్పై ఏళ్ళు గాజు గొట్టాలు కడిగాడు. కడుగుతూనే గుమ్మం అవతల నుంచి పాఠాలు విన్నాడు. లెక్చరర్లు పారేసిన పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని చదివాడు. ఊళ్ళో కొందరు "గాజు కడిగే సైంటిస్టు" అని నవ్వేవారు. నవ్వినవాళ్ళు నాకు గుర్తున్నారు. పేర్లు రాసేద్దును, మావకి ఇష్టముండదని ఊరుకుంటున్నాను.

నేను తొమ్మిదితో బడి మానేసిన తాపీ పనివాణ్ణి. ఫోనులో చదివిందే నా చదువు. ఆ చదువుతోనే రెండేళ్ళ కిందట మా అమ్మని చంపబోయాను.

అమ్మ గుండెలో పాడైన కవాటం తీసేసి లోహపుది పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర వల్ల రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుందని ఓ రోజు చదివాను. కాల్షియమంటే నాకు సున్నమే. సున్నం పట్టి పూడుకుపోయిన నీళ్ళ పైపులు ఎన్ని పగలగొట్టానో లెక్కలేదు. ఒళ్ళు మండిపోయింది. మాత్రలు దాచేశాను. అక్కడితో ఆగానా? అమ్మ తాంబూలంలో వేసుకునే సున్నం డబ్బా కూడా పెరట్లోకి విసిరేశాను.

అమ్మని బతికించింది ఆ డబ్బాయే. మర్నాడు గోడ మీంచి మావతో మొరపెట్టుకుంది.

"సూడు తమ్ముడూ, మాత్రలంటే దాసీసినాడు, పోనీలే. సున్నం కూడా పారీసినాడు. ఉత్త ఆకు మేకలాగ నమల్తన్నాను."

మావ అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే వచ్చాడు. "మాత్రలేవిరా?"

"సున్నం పడతాది మావా. సదివినాను."

"సదివింది నిజమే. సగమే సదివినావు. ఆటో పిలు, డాక్టరు కాడికి పోదుం. తిట్లు దార్లో తిడతాను."

తిట్టాడు. ఆటోలో అమ్మ పక్కన కూర్చుని, మధ్యమధ్యలో పాఠం చెప్పాడు.

"గోడకి సున్నం కావాల, పైపులో ఉండకూడదు. అవునా? ఒంట్లో ఎముక గోడ, రక్తనాళం పైపు. పైపుకి సున్నం పట్టకుండా కాపలా కాసే ప్రోటీను ఒకటి ఉన్నాది. కాల్షియాన్ని పట్టుకోడానికి దానికి సేతులుండాల. ఆ సేతులు తొడగాలంటే విటమిన్ కె కావాల. ఆకుకూరల్లో ఉంటాది, అదే."

"మరి మాత్ర?"

"రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో కొన్నిటికీ అలాంటి సేతులే. మాత్ర ఆ సేతులు తొడగనీదు. కాపలావోడికీ నష్టమే, కాదన్ను. కానీ పైపు పూడడానికి ఏళ్ళు పడతాది. కవాటం మీద గడ్డ కట్టడానికి అంత టైము అక్కర్లేదు. ఏది ముందురా మేస్త్రీ?"



"నా సున్నం డబ్బా ముందు," అంది అమ్మ.

"అది నీ నోటికి సేటు గానీ అప్పా, ఈ గొడవకీ దానికీ సంబంధం లేదు," అన్నాడు మావ.

రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో పరీక్ష చేసి, ఇంకో రెండు రోజులు ఆగుంటే చెయ్యి దాటిపోయేదన్నాడు డాక్టరు. అప్పుడు మావ లేచి అడిగాడు. ఆకుకూర తగ్గించమంటే ఈవిడ మొత్తం మానేసిందనీ, ఆషాఢం రాగానే మునగాకు పళ్ళెంనిండా తినేసిందనీ, ఆకులోని ఆ విటమిన్ మాత్రకి ఎదురు పనిచేస్తుంది గనకే పరీక్ష ఓసారి పైకీ ఓసారి కిందకీ పోతోందనీ చెప్పాడు. "రోజూ ఒకే కొలత కూర తిని, దానికి తగ్గట్టు మీరు మాత్ర సర్దితే కుదురుతాదేమోనండి?"

డాక్టరు రాయడం ఆపాడు. "అలాగే చెయ్యాలి. మీరేం చేసేవారు?"

"లేబులో గాజు కడిగేవోణ్ణండి."

డాక్టరు లేచి తన పక్కనున్న కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. నవ్వినవాళ్ళందరూ ఆ గదిలో ఉండాల్సింది.

అప్పట్నుంచి రోజూ ఒకే గిన్నెతో కొలిచి తోటకూర వండాం. పరీక్ష కుదురుకుంది. విటమిన్ కె బిళ్ళలు పట్టిన సున్నాన్ని కరిగిస్తాయా అని ఓసారి అడిగాను. "ఇంకా తేల్లేదు. తేల్లేదని సెప్పడం కూడా సదువేరా," అన్నాడు. ఇంకో మాట అనేవాడు: "సగం సదువు సగం కట్టిన గోడ. నీడ కనబడగానే జనం దాని కిందే కూకుంటారు."

ఇప్పుడు నేను ఏ వ్యాసమైనా చివరి వాక్యం దాకా చదువుతాను. మావ కట్టిన గోడని నేను.

మంగళవారం అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మావ ఇంటికి నడిచింది. ఆయాసపడలేదు. అత్త ఆమె గుండె మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ హఠాత్తుగా ఆగి, చెవి ఇంకా దగ్గరగా ఆనించింది.

"ఒదినా, ఇదేటి, గడియారంలాగ?"

"మీ ఆయన నిలబెట్టిందే. ఇను," అంది అమ్మ.

ఇంట్లో అందరూ మాటలాపేశారు. అమ్మ గుండెలో ఆ లోహపు కవాటం రెక్క మూసుకుంటున్న చప్పుడు గుమ్మం దగ్గరున్న నాక్కూడా వినబడింది. టిక్కు. టిక్కు. టిక్కు.