అడాజన్ బండి మీద ఆరు దేశాల సాసులు

నాకొక అలవాటుంది. ఏ ఊరెళ్లినా ఫ్రైస్ కొంటాను, కానీ నా చూపంతా ప్లేటు పక్కన పెట్టే చిన్న గిన్నె మీదే. ఆలుగడ్డ ఎక్కడైనా ఆలుగడ్డే, సాసేజీ ఎక్కడైనా సాసేజీయే. వాటిని దేనిలో ముంచుకుంటారో చూస్తే అక్కడి మనుషులు కాస్త అర్థమవుతారని నా నమ్మకం. ఈ పిచ్చి తెలిసే మా చిన్నమ్మ కొడుకు రాజేశం నాకు ఫోన్ చేశాడు. ఇరవై ఏళ్లు సూరత్‌లో పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేసి, ఆ మోతకు చెవులు మొద్దుబారి, రెండేళ్ల కింద ఆ పని మానేసి భార్య లావణ్యతో కలిసి ఆ ఊళ్లోనే అడాజన్‌లో ఫ్రైస్, సాసేజీల బండి పెట్టుకున్నవాడు. “అక్కా, గన్ని ఊర్ల తిండి గురించి రాస్తవ్ గదా, మా బండి గురించి గూడ జర రాయరాదు. బండి నిలబడాలె. నిలబడకుంటే మళ్ల మగ్గానికి పోవాలె, ఈ చెవులతోని నన్నెవడు పెట్టుకుంటడు” అన్నాడు. అందుకే బయలుదేరాను. నోరూరే కబుర్ల కోసం ఇది చదువుతున్నవాళ్లకు ముందే చెబుతున్నా, ఈ ప్రయాణం మంచిగా ముగియలేదు.

కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ చేరి, మధ్యాహ్నం రైలెక్కితే మర్నాడు పొద్దున సూరత్‌లో దిగొచ్చు. స్లీపర్ టికెట్ ఆరు వందల లోపే. కొన్ని రైళ్లు సూరత్ స్టేషన్‌కు రాకుండా ఉధ్నాలోనే ఆపుతున్నారు, టికెట్ మీద చూసుకోండి. స్టేషన్ బయట ఆటో అతను రాజేశం వాళ్లుండే కోసాడ్‌కు రెండు వందల యాభై అడిగాడు, నూట ఎనభైకి ఒప్పుకున్నాడు. దారిలో మాటల్లో మా తమ్ముడికి అడాజన్‌లో సాసేజీల బండి ఉందని హిందీలో గొప్పగా చెప్పాను. అతను అద్దంలో నన్నొకసారి చూసి, “అక్కడంతా శాకాహారులే మేడమ్. ధైర్యం ఉన్నవాడే” అన్నాడు. మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాను.

కోసాడ్‌లో వరసగా ఒకేలాంటి భవనాలున్న పెద్ద కాలనీలో రాజేశం వాళ్లది రెండు గదుల ఇల్లు. నేను వెళ్లేసరికి వంటగదిలో ఆరు స్టీలు గిన్నెలు బారుగా పెట్టి ఉన్నాయి. హజీరా రేవులో దిగిన ఓడ వంటవాడొకడు కిందటి దీపావళికి పరిచయమై, ఏ దేశం వాళ్లు దేనితో తింటారో రాజేశానికి చెప్పి, చేయడం కూడా నేర్పాడట. బెల్జియం వాళ్లు ఫ్రైస్‌ను మయోనీస్‌లో ముంచుతారు. జర్మనీ వాళ్లు సాసేజీ ముక్కల మీద కూరపొడి కలిపిన టమాటా కెచప్ పోస్తారు. అమెరికా వాళ్లకు పచ్చటి ఆవపిండి ముద్ద కావాలి, ఇంగ్లీషు వాళ్లకు ఉప్పూ వెనిగరూ చాలు. ఫిలిప్పీన్స్ వాళ్లు అరటిపండ్లతోనే కెచప్ చేసుకుంటారు. హాలండ్ వాళ్లు పల్లీల సాసు పోసుకుంటారని విన్నప్పుడు లావణ్య నవ్వాపుకోలేకపోయిందట. “వదినా, మన పల్లి చట్నీకి అంత దూరం పోయి పేరు పెట్టుకున్నరు” అంది. ఆమె దాంట్లో ఎండుమిర్చి దండిగా వేస్తుంది. నా ఓటు దానికే.

అన్నిటికంటే ఎక్కువ చాకిరీ మయోనీస్‌ది. రాజేశం కోడిగుడ్లు కొట్టి పచ్చసొనలు వేరుచేసి, నిమ్మరసం, ఉప్పు వేసి, చుక్కచుక్కగా నూనె పోస్తూ చేత్తోనే గిలక్కొట్టాడు. తొందరపడితే విరిగిపోతుంది. గంటసేపు పక్కనే కూర్చుని చూశాను. ఫోటోలు తీశాను. ఎన్ని గుడ్లో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంత చూసిన దాన్ని, ఇది ఎక్కడ అమ్ముతారు, ఎవరికి అమ్ముతారు అన్న ఆలోచన ఆ గంటలో ఒక్కసారి కూడా నా బుర్రలోకి రాలేదు. మా ఇళ్లలో గుడ్డును ఎవరు లెక్కపెడతారు. కూర లేకపోతే గుడ్డు, చుట్టమొస్తే కోడి. మాంసం అంటే మాకు కోసింది మాత్రమే.

మూడింటికి కోసాడ్ నుంచి అడాజన్‌కు బీఆర్‌టీఎస్ బస్సులో వెళ్లాం. టికెట్ పాతిక రూపాయల లోపే, గంట పట్టింది. బండి అక్కడే ఒక గరాజు దగ్గర పెడతారు. రాజేశం జాగ్రత్త చూసి నాకు ముచ్చటేసింది. ఒకటి కాదు, రెండు బండ్లు, మధ్యలో నాలుగు బారల ఎడం. ఒకదాని మీద లావణ్య ఫ్రైస్ వేయిస్తుంది, రెండోదాని మీద రాజేశం చికెన్ సాసేజీలు కాలుస్తాడు. కడాయిలు వేరు, నూనె వేరు, పటకార్లు వేరు. సాసేజీ పట్టుకున్న చేత్తో ఫ్రైస్ బండిని ముట్టడు. ఫ్రైస్ అరవై, సాసేజీ నూట ఇరవై, దేనితోనైనా రెండు సాసులు ఉచితం. సాసుల గిన్నెలన్నీ ఫ్రైస్ బండి మీదే, లావణ్య ముందే ఉన్నాయి. ఆమె వెనక పచ్చ రంగుతో గుజరాతీలో రాసిన బోర్డు, పూర్తి శాకాహారం అని.

ఐదున్నరకు నడకకు వచ్చేవాళ్లు మొదలయ్యారు. ఆరింటికి భానుబా వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి, పక్క సొసైటీలోనే ఫ్లాటు. చుట్టుపక్కల అందరూ ఆమెను బా అని పిలుస్తారు, అమ్మ అన్నట్టు. బండి పెట్టిన కొత్తలో మాంసం బండి ఇక్కడ వద్దని కొందరు సణిగితే, దూరంగా పెట్టుకున్నాడు కదా, బతకనివ్వండి అని సర్దిచెప్పింది ఆమేనట. రోజూ ఒక చిన్న ప్లేటు మెత్తటి ఫ్రైస్, వాటితో తెల్లసాసు, అంతే. రాజేశం నన్ను మా అక్క అని పరిచయం చేశాడు. నేను పుస్తకం తెరిచి, ఆరింటిలో మీకేది ఇష్టం బా అని హిందీలో అడిగాను. ఆమె సిగ్గుపడుతూ తెల్లగిన్నె చూపించింది. “బయట దొరికేది తియ్యగా ఉంటుంది. వీడిది కమ్మగా ఉంటుంది. ఎలా చేస్తాడో ఏమో” అంది.

ఇక నా నోరు ఊరుకుంటుందా. తమ్ముడి పనితనం పదిమందికీ తెలియాలి కదా. “ఇది దుకాణం డబ్బా సరుకు కాదు బా. పొద్దున్నే గుడ్లు కొట్టి, పచ్చసొనలు గంటసేపు చేత్తో గిలక్కొట్టి చేస్తాడు. సూరత్ మొత్తంలో అసలు గుడ్డుతో చేసేవాడు వీడొక్కడే ఉంటాడు” అన్నాను. గట్టిగానే అన్నాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ రోజు నేర్చుకున్నాను. అదీ నా తల కాదు, తమ్ముడి తల.

భానుబా చేతిలో సగం కొరికిన ఫ్రై ఉంది. దాన్ని ప్లేటులో పెట్టింది. ప్లేటును బండి అంచున పెట్టింది. గరాజు దగ్గరున్న కుళాయి దగ్గరకు వెళ్లి పుక్కిలించింది, మళ్లీ పుక్కిలించింది. తిరిగొచ్చి రాజేశాన్ని అడిగింది, మొదటి నుంచీ ఇదేనా అని. రాజేశం పటకారు కింద పెట్టాడు. దీపావళి నుంచీ ఇదే బా, అన్నాడు. నేను వెళ్లింది ఫిబ్రవరిలో. ఆమె మెల్లగా ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. పక్కన తింటున్న భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని ప్లేట్లు కింద పెట్టారు. వాళ్ల వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఎవరూ గొడవ చేయలేదు. ఒక్కరు అరిచినా మేము జవాబు చెప్పుకునేవాళ్లం. అందరూ డబ్బులిచ్చి మరీ వెళ్లిపోయారు.

ఏడింటికే బండి కట్టేశాం. లావణ్య మయోనీస్ గిన్నెను చెత్తడబ్బాలో బోర్లించి, మిగిలిన ఐదు గిన్నెలూ కూడా బోర్లించింది. అవేం చేశాయని అడిగితే, “ఇంక ఏది ముడతరు వదినా” అంది. బస్సులో రాజేశం తనలో తానే మాట్లాడుకున్నట్టు అన్నాడు, “ప్యాకెట్ల మీద ఎగ్‌లెస్ అని గింత పెద్దగ రాస్తరు గదక్కా. లేదని రాసిండ్రంటే, రాయనిదాంట్ల ఉంటదనే గదా. అందరికి తెలుసనుకున్న.” అతని లెక్కలో తప్పేముంది. ఆ ఊళ్లో ఏ దుకాణానికెళ్లినా మయోనీస్ అంటే గుడ్డు లేనిదే, అందుకే అక్కడివాళ్లకు అడగాలన్న ఆలోచనే రాదు. వీడికి నేర్పిన ఓడ వంటవాడికి మయోనీస్ అంటే గుడ్డే, అందుకే వీడికి చెప్పాలన్న ఆలోచన రాలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి క్షమాపణ అడగడానికి ఆమె ఫ్లాటుకు వెళ్లాం. మా వంటింటి నుంచి ఏదీ పట్టుకెళ్లలేం కాబట్టి రాజేశం దారిలో దానిమ్మకాయలు కొన్నాడు. ఆమే తలుపు తీసి, లోపలికి రమ్మని, పళ్లెంలో మంచినీళ్లు తెచ్చిచ్చింది. రాజేశం చెప్పులు విప్పిన చోటే నిలబడి కాళ్లకు దండం పెట్టబోతే చేత్తో ఆపింది. నువ్వు అబద్ధం చెప్పలేదు, నేను అడగలేదు అంది. ఆ తర్వాత ఆమె హిందీలో చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా నేను మరచిపోలేదు.

“మా ఆయన ఆఖరి ఏడాది చిక్కి సగమైపోయాడు. రోజుకో గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. ఆయన తింటానన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఈ ఇంట్లోకి రానివ్వనన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. గుడ్డు తింటే బతికేవాడని కాదు, కానీ నన్ను అడిగాడు కదా.” గ్లాసులు పళ్లెంలోకి సర్దింది. “ఆయనకు పెట్టనిది నేను నాలుగు నెలలు తిన్నాను. బాగుందని తిన్నాను. ఇప్పుడు ఆయనకేం చెప్పను.”

ఆమె దానిమ్మకాయలు తీసుకుని, గ్లాసులు లోపల పెట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. మెట్ల మీద రాజేశం కూలబడి ఏడ్చాడు. “తిట్టినా బాగుండు అక్కా” అన్నాడు. నేను ఆ రాత్రి రైలెక్కాను. తర్వాత వాళ్లు గుడ్డు మానేశారు, ఆ సంగతి బోర్డు మీద గుజరాతీలో రాయించారు కూడా. ముప్పై రోజులు చూశారు, నడకకు వచ్చేవాళ్లు రోడ్డుకు అవతలి పక్క నుంచి వెళ్తున్నారట. భానుబా నడకే మానేసిందట. రాజేశం మళ్లీ మగ్గాల షెడ్ల చుట్టూ తిరుగుతున్నాడు, ఇంకా ఎవరూ పెట్టుకోలేదు. ఇది రాయనా వద్దా అని అడిగితే, “రాయక్కా, పేర్లు మార్చి రాయి. నీ రాత కోసమే గదా పిలిచిన” అన్నాడు.

ఇన్నేళ్లుగా సాసు రుచి చూసి మనుషుల్ని చెప్పగలనని ఊళ్లు తిరిగాను. ఎవరు దేనిలో ముంచుకుంటారో రాసుకున్నాను తప్ప, ఎవరు దేన్ని ముట్టకుండా ఎంత పోగొట్టుకున్నారో ఒక్కరినీ అడగలేదు. ఆ పొద్దున వంటగదిలో నేను గుడ్లు లెక్కపెట్టాను. ఒక్క ప్రశ్న వేసి ఉంటే బండీ ఉండేది, ఆ ముసలమ్మ సాయంత్రం నడకా ఉండేది. అడగాల్సినప్పుడు మూసుకుని, మూసుకోవాల్సినప్పుడు తెరిచిన నోరు నాది. దీనికి ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు, నేను చాలా ఆలోచించాను.

సూరత్ వెళ్లేవాళ్లకు ఒకే సూచన. బండి దగ్గర తెల్లసాసు కనిపిస్తే, మీరు గుడ్డు తినేవాళ్లయినా సరే, అందులో గుడ్డు ఉందా అని అడగండి. పక్కనున్నవాళ్లకు వినపడేలా, వాళ్లింకా మొదటి ముక్క నోట్లో పెట్టుకోకముందే అడగండి.