కారణం: సాయంత్రాలు

2016లో నేను భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రభుత్వ బస్సు డిపోలో కంట్రోలర్‌ని. డిపో అంటే బయటివాళ్లకు బస్సులు గుర్తొస్తాయి. మాకు గుర్తొచ్చేది డ్యూటీ చార్ట్. ఏ డ్రైవరు ఏ బస్సెక్కి ఎటు పోవాలో నెలకు ముందే గీతలు కొట్టి రాసుకునే పెద్ద కాగితం అది. దాన్ని రాసేది నేను. ఎవరు పండగపూట ఇంట్లో ఉంటారో, ఎవరు ఊరుగాని ఊళ్లో బస్టాండు బల్ల మీద కూర్చుంటారో నా పెన్ను తేల్చేది. అందుకని నాకు కొంచెం టెక్కు కూడా ఉండేది, దాచడం ఎందుకు.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పలేదు. చెప్పినప్పుడల్లా నా తప్పును కాస్త తగ్గించుకునే చెప్పాను. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను, గూడెం పేరు రాయడం లేదు.

మా భాషలో నైట్ హాల్ట్ అని ఒకటుంది. మధ్యాహ్నం బయల్దేరిన బస్సు ఊళ్లన్నీ తిరిగి సాయంత్రానికి చిట్టచివరి ఊరికి చేరి అక్కడే ఆగిపోతుంది. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లారి మొదటి ట్రిప్పుతో వెనక్కొస్తారు. అడవిలోని గూడేలకు వెళ్లే నైట్ హాల్ట్ అంటే మా వాళ్లందరికీ ఏడుపే. దోమలు, సిగ్నల్ లేని ఫోను, బడి వరండాలో పక్క. ఎవరైనా నాతో గొడవ పెట్టుకుంటే పై నెల వాళ్లకు అదే పడేది. నేను కావాలని వేసేవాడినా అంటే, అవును, కావాలనే వేసేవాడిని.

ఏలియా ఒక్కడే ఆ డ్యూటీని అడిగి వేయించుకునేవాడు. పాల్వంచలో పుట్టిన మనిషి, మాట తక్కువ, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఆ చివరి గూడెం పిల్ల కరుణను పెళ్లి చేసుకుని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. బస్సు ఆగేది వాళ్ల ఇంటి ముందే. ఆ డ్యూటీ ఉన్న రోజు బస్సు నడుపుకుంటూ, వేరే రూటు పడిన రోజు పని ముగించి అదే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సాయంత్రానికల్లా ఇల్లు చేరేవాడు. పాతికేళ్లు ఇలాగే నడిచింది. ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు.

ఒకసారి తనిఖీ పేరుతో నేనూ ఆ బస్సెక్కి వెళ్లాను. నైట్ హాల్ట్ సిబ్బందికి సరైన పక్క ఉందో లేదో చూడటం తనిఖీ. ఏలియా బస్సు ఆపి దిగి, చేతులు కడుక్కుని, నేరుగా వాకిట్లోని కాకర పందిరి కిందికి పోయాడు. అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఒకామెకు పింఛను కాగితం నింపాలి, ఒకాయనకు దవాఖానా చీటీ చదివి పెట్టాలి. కరుణ చాపమీద ఇప్పపూలు ఏరుతూ మధ్యమధ్యలో వాళ్ల కోయ మాటను అతనికి తెలుగులో అందిస్తోంది. పాతికేళ్లయినా అతని కోయ భాష విని అందరూ నవ్వుతున్నారు, అతనూ నవ్వుతున్నాడు. పని అయ్యాక ఏలియా డోలక్ తీశాడు, ఆమె పాట ఎత్తుకుంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు పెళ్లయి కారేపల్లిలో ఉందట, ఇప్పుడు ఇంట్లో ఇద్దరే.

కరుణ నాకు టీ ఇస్తూ, "సారూ, ఈయన పగలంత బస్సుది. సాయంత్రం మాత్రం నాదే. గంతే లెక్క," అంది.

నేను నవ్వి టీ తాగాను. అప్పటికే మా ఆవిడ విమల రెండుసార్లు ఫోన్ చేసి ఉంటుంది, సిగ్నల్ లేక నాకు తెలియలేదు. తెలిసినా ఏం చేసేవాడిని? ఆరింటికి ఇల్లు చేరిన రోజులు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తిరుగు ప్రయాణంలో నేను తనిఖీ రిపోర్టు రాశాను. పక్క బాగానే ఉందని రాశాను. నా కళ్లముందు కనిపించినదానికి ఆ కాగితంలో గడి లేదు.

ఆ ఏడే మా డిపోకు హైదరాబాద్ రూటుకు కొత్త సూపర్ లగ్జరీ బస్సులు వచ్చాయి. మెత్తటి పుష్‌బ్యాక్ సీట్లు, టీవీ, డ్రైవరుకు వేరే యూనిఫాం. వాటికి మచ్చలేని డ్రైవర్లను ఏరమన్నారు. నేను మొట్టమొదట రాసిన పేరు ఏలియాది. నిజంగా సంతోషంతో రాశాను. ఇంత మంచి డ్రైవరు గతుకుల రోడ్డు మీద కోళ్లబుట్టలూ కట్టెలమోపులూ మోస్తూ అరిగిపోతున్నాడని నాకు బాధ. అతన్ని నేనే పైకి తెస్తున్నానని మా ఆవిడకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

మర్నాడే ఏలియా అర్జీ పట్టుకొచ్చాడు. పాత డ్యూటీయే కావాలని రాశాడు. మా అర్జీ ఫారంలో చివరన కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో ఒకే ఒక్క మాట రాశాడు. సాయంత్రాలు.

ఇక్కడ మా డిపో ఆచారం ఒకటి చెప్పాలి. ఆ గడిలో నిజం ఎవరూ రాయరు. తల్లికి పక్షవాతం, పిల్లాడికి టైఫాయిడ్, అత్తకు గుండె ఆపరేషన్. ఒక కండక్టరు వాళ్ల అత్తకు మూడేళ్లు వరసగా ఆపరేషన్ చేయించాడు. ఆమె ఒకరోజు డిపోకు వచ్చి నాకే బూరెలు ఇచ్చి పోయింది. రాసేవాళ్లకు తెలుసు, చదివే నాకు తెలుసు. రోగం ఉంటే పై అధికారి సంతకం పెడతాడు, లేకపోతే పెట్టడు. అందుకని అందరం రోగాలతో బండి నడిపించేవాళ్లం.

"ఏంది ఏలియా, గిదేం కారణం?" అన్నాను.

"గదే సార్. సాయంత్రం ఇంటికాడ ఉంటా."

"అందరికీ ఉండాలనే ఉంటది. నాకు లేదా? గిట్ల రాస్తే మేనేజర్ సార్ నా మొఖాన కొడ్తడు. మీ ఆమెకు ఒంట్లో మంచిగ లేదని రాయి, ఇప్పుడే చేసిస్త."

అతను ఆ కాగితాన్ని మళ్లీ నా వైపు జరిపాడు. "కరుణ మంచిగుంది సార్. మేం మంచిగున్నం. మంచిగుండబట్టే అడుగుతున్న. దానికి రోగం అంటగట్టి రాయలేను."

"నీ మంచికే చెప్తున్న. ఎంతమంది ఈ బస్సు కోసం నా చుట్టు తిరుగుతున్నరో తెల్సా? ఎదగాలె ఏలియా, ఎన్నాళ్లని ఆ గూడెం బస్సు తోలుతవ్?"

"ఎదుగుడంటే ఇంటికి దూరం పోవుడేనా సార్?" అన్నాడు. గొంతు పెంచలేదు, ఎదురు మాట్లాడినట్టూ లేదు. నిజంగానే అడిగాడు. నాకు కోపం వచ్చింది. అర్జీ మీద 'తగిన కారణం లేదు' అని రాసి పక్కన పడేశాను.

రెండేళ్లు అతను హైదరాబాద్ బస్సు నడిపాడు. సాయంత్రం ఇక్కడ బయల్దేరాలి, పొద్దున అక్కడ చేరాలి, పగలంతా రెస్ట్ రూములో పడుకుని మళ్లీ సాయంత్రం తిరుగు ప్రయాణం. రెండు సాయంత్రాలు స్టీరింగు ముందు, మూడోది ఒళ్లు తెలియని నిద్రలో. ఆ నైట్ హాల్ట్‌కు ఇంకెవరినో వేశాను. గూడెం వాళ్లు పింఛను కాగితాలు పట్టుకుని బస్సెక్కి మా డిపో గేటు దాకా రావడం మొదలైంది. వాళ్లను గేటు దగ్గర ఎందుకు నిలబెడుతున్నారని సెక్యూరిటీని కసిరాను తప్ప, వాళ్లు అసలెందుకు వస్తున్నారని ఆలోచించలేదు.

రెండో ఏడు డిపోలో ఏలియాకు ఉత్తమ డ్రైవరు సన్మానం చేశాం. శాలువా నేనే కప్పాను. అతను నా చెవి దగ్గర మెల్లగా, "సార్, ఈ శాలువా బదులు నా పాత బస్సు ఇయ్యరాదుండ్రి," అన్నాడు. ఫొటో తీస్తున్నారు, నవ్వు అన్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు, ఒక పొద్దున ఏలియా మళ్లీ అర్జీ తెచ్చాడు. అదే డ్యూటీ అడిగాడు. కారణం గడిలో ఈసారి 'భార్యకు ఒంట్లో బాగాలేదు' అని ఉంది.

ఆ క్షణం నా ముఖం ఎలా ఉందో నాకిప్పటికీ తెలుసు. పెద్దగా నవ్వాను. "ఇప్పుడు దారికొచ్చినవ్! గిదేదో అప్పుడే రాస్తే అయిపోతుండె గద," అన్నాను. పక్క టేబులాయన కూడా నవ్వాడు.

ఏలియా నవ్వలేదు. "అవ్ సార్. రాయాల్సి వచ్చింది," అన్నాడు. "జల్దీ చేస్తరా?"

అందరూ జల్దీ అనే అంటారు. రాసిన రోగాలకు మా దగ్గర తొందర ఉండేది కాదు. "ఈ నెల చార్ట్ అయిపోయింది, పై నెల ఒకటో తారీఖు నుంచి వేస్త పో," అన్నాను. ఈ నెల మధ్యలో మార్చలేనా? మార్చగలను. ఒక గీత కొట్టి, ఒక పేరు రాస్తే చాలు. మా బంధువు కోసం అంతకు ముందు నెలే మార్చాను. ఏలియా అర్జీని నా టేబుల్ మీద పెట్టాడు. ఆ సాయంత్రం కూడా హైదరాబాద్ బస్సు తీసుకుని పోయాడు. నేను టీ కొట్టు దగ్గర నిలబడి, ఏలియా లాంటివాడు కూడా అబద్ధం నేర్చాడని నలుగురికీ చెప్పి నవ్వించాను.

ఒకటో తారీఖుకు ఇంకా ఇరవై రెండు రోజులు ఉన్నాయి. ఆ ఇరవై రెండూ అతను బస్సులోనే ఉన్నాడు. పై నెల నుంచి గూడెం డ్యూటీ ఎక్కాడు. పది రోజులు నడిపాడు, తర్వాత సెలవు పెట్టాడు.

ఒక ఉదయం గూడెం బస్సు కండక్టరు సరోజ ట్రిప్పు దిగి నేరుగా నా గదికి వచ్చింది. టికెట్ మిషను టేబుల్ మీద పెట్టి, "సార్, కరుణక్క పోయింది," అంది.

నాకు అర్థం కాలేదు. "ఎటు పోయింది?" అన్నాను.

"చనిపోయింది సార్. కడుపుల గడ్డ. సెలవు పెట్టి ఖమ్మంల పెద్ద దవాఖానాల చూపిస్తే, ఇగ చేసేదేం లేదన్నరంట. నన్ను ఈడ ఉంచొద్దు, ఇంటికి తీస్కపో అన్నదంట. ఏలియన్న మీకు కాగితం ఇచ్చిండు గద?"

మధ్యాహ్నం బస్సులోనే నేనూ వెళ్లాను. పందిరి మీద కాకర తీగ ఎండిపోయి ఉంది, నీళ్లు పోసే ఓపిక ఆమెకు లేకపోయి ఉంటుంది. గూడెం మొత్తం అక్కడే ఉంది. పాస్టరు ప్రార్థన చేస్తుంటే గూడెం ముసలమ్మలు తమ భాషలో తమ ఏడుపు ఏడుస్తున్నారు. ఏలియా నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. అదొక్కటి నేను భరించలేకపోయాను.

"నిజమని ఎందుకు చెప్పలేదు ఏలియా?" అన్నాను. ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో నోరు దాటాక తెలిసింది.

"రాసిన కద సార్," అన్నాడు.

కరుణ గురించి అతనే చెప్పాడు. "చివరికి పదిరోజులు దొరికినయి. బస్సు హారన్ ఇనంగనే లేచి కూసునేది. ఇంకొన్ని దొరుకుతయనుకున్నం."

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. క్షమించమని అడిగాను. తల ఊపాడు. అది క్షమించడమో, వచ్చినవాళ్లందరికీ ఊపినట్టే ఊపడమో నాకు తెలియదు.

నెల తిరిగాక ఏలియా మూడో అర్జీ ఇచ్చాడు. గూడెం డ్యూటీ వద్దు, హైదరాబాద్ బస్సు ఇప్పించమని రాశాడు. కింద కారణం గడిలో, అదే గుండ్రటి అక్షరాలతో, సాయంత్రాలు అని ఉంది.

ఈసారి ఇంకేదైనా రాయమని నేను అనలేదు. అతని ముందే చార్టు తీసి, గీత కొట్టి, పేరు మార్చాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరు ఏ రోగం రాసినా పిలిచి కూర్చోబెట్టి అడిగేవాడిని, నిజమైతే ఆ రోజే మార్చేవాడిని. ఊరికే ఇంట్లో ఉండాలని ఉందన్నా, వీలుంటే ఇచ్చాను. దానికి మేనేజరు దగ్గర మాటలు పడ్డాను. ఇదంతా మంచిదే, కానీ ఏలియాకు ఇది పనికిరాలేదు. ఒక మనిషి బాగా బతుకుతూ, ఆ బతుకును అలాగే ఉండనివ్వమని నా దగ్గరికి వస్తే, దాన్ని వెనకబాటు అనుకున్నాను. నాకు తెలిసిన ఎదుగుదల ఒక్కటే, చిన్న బస్సు నుంచి పెద్ద బస్సుకు. అతను అప్పటికే చేరుకున్న చోటి నుంచి అతన్ని దింపి, నేను పైకి ఎక్కించానని అనుకున్నాను.

పోయిన ఏడాది నాకూ శాలువా కప్పి పంపారు. ఇప్పుడు నా సాయంత్రాలన్నీ ఖాళీ. మొదటి వారం ఆరింటికి చెప్పులు వేసుకుంటున్న విమలను ఎక్కడికని అడిగాను. "ప్రార్థన కూటం. ఇరవై ఏండ్ల సంది పోతున్న. మీకు తెల్వదా?" అంది. తెలియదు. నేను లేని సాయంత్రాలకు ఆమె ఎప్పుడో తన చార్టు తను వేసుకుంది, అందులో నా పేరు లేదు. ఆమెను తప్పు పట్టే ముఖం నాకు లేదు. రోజూ ఆమె వెళ్లాక కూరగాయలు తరిగి పెట్టి, గేటు చప్పుడు కోసం వింటూ కూర్చుంటాను.