ముందు సీటు

మా తమ్ముడు ఇప్పటికీ ఆదివారం ఆదివారం కోర్బా నుంచి వస్తాడు. భోంచేస్తాడు, వాళ్ళ బావగారి పక్కన ఓ గంట కూర్చుంటాడు, క్రికెట్ గురించో మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడి వెళ్ళిపోతాడు. కార్ల మాట మాత్రం ఎత్తడు. రెండేళ్ళ పాటు నా చెవులు చిల్లులు పడేలా సాగిన వాదన అది. ఎప్పుడు ఆగుతుందా అని విసుక్కునేదాన్ని. ఆగిపోయాక తెలిసింది, మధ్యాహ్నం పూట ఇంట్లో ఆ కేకలు లేకపోతే ఎంత దిగులుగా ఉంటుందో.

మా ఆయన రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పయ్యేళ్ళకు పైగా కరెంటు ఇంజన్లు నడిపారు, ఎక్కువగా బొగ్గు గూడ్సులు. క్వార్టర్ ఖాళీ చేసి ఈ ఊళ్ళోనే దయాల్‌బంద్ పేటలో చిన్న ఇల్లు తీసుకున్నాక, ఇక కారు కొందామని ఆయనే అన్నారు. నాకెంత సంబరమైందంటే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు. ఎందుకంత సంబరమని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

సంగతేమిటంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన బండి నడుపుతుంటే పక్కన కూర్చుని చూసే భాగ్యం నాకు లేదు. ఇంజన్లోకి ఇంటివాళ్ళని ఎక్కనివ్వరు, అది రూలు. పక్క సీట్లో ఎప్పుడూ ఒక అసిస్టెంటు ఉండేవాడు. ఎంతమంది మారారో లెక్కలేదు గానీ, అందరి మీదా నాకు లోలోపల కుళ్ళే. నేను కట్టిచ్చిన క్యారేజీలోంచి గుత్తి వంకాయ కూర తిని, వదినగారి చెయ్యి అమృతమని కబురు పంపేవాళ్ళు. నాకు కావలసింది ఆ మెప్పు కాదు, వాళ్ళు కూర్చున్న చోటు.

ఒకే ఒక్కసారి చూశాను. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు, రిక్షాలో వస్తుంటే గేటు పడింది. వచ్చిన గూడ్సు ఆయనదే. ఇంజన్ కిటికీలో ఆయన ముఖం కనిపించింది. నా వైపు చూడలేదు, పట్టాల మీంచి చూపు తిప్పలేదు. ఇంట్లో నేనెరిగింది డ్యూటీ దిగొచ్చి పడుకునే మనిషిని, లేచి మళ్ళీ డ్యూటీకి వెళ్ళే మనిషిని. నిద్ర ముఖం తప్ప నాకు మిగిలిందేముంది? ఆ కిటికీలో ఉన్నాయన మాత్రం పూర్తిగా మేలుకుని ఉన్నాడు. ఎంత అందగాడో! గేటు ఎత్తేశాక కూడా నేను అటే చూస్తుంటే రిక్షావాడు వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ ముఖాన్ని పక్కన కూర్చుని, తీరిగ్గా చూడాలని అప్పటినుంచీ నా కోరిక.

కారైతే ఏ రూలూ అడ్డం రాదు కదా అనుకున్నాను. అడ్డం వచ్చింది మా తమ్ముడు.

వాడు కోర్బాలో బొగ్గు కంపెనీలో మేనేజరు. సెకండ్ హ్యాండ్‌లో ఒక జర్మనీ కారు కొన్నాడు. తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు కూడా అందరికీ వినిపించి మురిసిపోయేవాడు. బావ కరెంటు కారు కొంటారని తెలిస్తే ఊరుకుంటాడా?

"బావా, నీ ఇంజనుకి నెత్తి మీద తీగుండేది. నువ్వెక్కడికెళ్తే కరెంటు అక్కడికొచ్చేది. ఈ కారుకి తీగేదీ? మా కోర్బా దార్లో బెల్తరా దాటాక బ్యాటరీ అయిపోతే ఏటి సేస్తావు? ఎవుడు తోస్తాడు?"

"మోటార్ని నమ్ముకుని అన్నేళ్ళు బొగ్గు లాగాను. నన్ను దార్లో వొగ్గేసిందేటి? తిరిగే సామాను ఎంత తక్కువుంటే చెడేది అంత తక్కువ. నీ కారుకి స్టీరింగు ఎనక ఆ పసుపు లైటు వెలిగితే చాలు, రాయపూర్ పరుగెట్టాల."

"నూరేళ్ళుగా కార్లు చేస్తున్నోళ్ళు వాళ్ళు. నిన్నగాక మొన్న మొదలెట్టినోళ్ళని ఎలా నమ్ముతావు?"

"అచ్ఛా! నూరేళ్ళుగా చేస్తున్నా ఆ లైటు ఇంకా ఎందుకు వెలుగుతోందో అది సెప్పు ముందు."

ఇలా ఉండేది వరస. తమ్ముడు అలిగి వెళ్ళేవాడు, వచ్చే ఆదివారానికి కొత్త పాయింటుతో దిగేవాడు. తీగ లేదన్న మాట మాత్రం మా ఆయనకి బాగా తగిలింది. పాత డ్యూటీ డైరీ తీసి, ఇక్కణ్ణుంచి మా సొంతూరు శ్రీకాకుళం దాకా దార్లో చార్జింగ్ ఎక్కడెక్కడ దొరుకుతుందో రాసుకోవడం మొదలెట్టారు. ఒకసారి విసుగెత్తి, రెండూ మంచివే, ఏదో ఒకటి కొనండి అన్నాను. అంతవరకూ కొట్టుకుంటున్నవాళ్ళు కాస్తా ఏకమై నా మీద పడ్డారు. మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటాం. "అప్పా, నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు తమ్ముడు.

మరో రోజు వాడు తన కారు తాళం తీసి బల్ల మీద పెట్టాడు. "పోనీ, ఒకపాలి తోలి సూడు బావా. నువ్వే ఒప్పుకుంటావు." నేను చెప్పుల కోసం లేచాను. ఏ దేశం కారైతే నాకేం? ఆయన తోలితే చాలు, పక్కన నేనుంటే చాలు. ఆయన తాళాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఓడిపోయినట్టే కదా! ఆ పూట ఇద్దరికీ చారులో ఉప్పెక్కువ పడింది. కావాలనే వేశాను.

చివరికి మొన్న చలికాలంలో తమ్ముడే దిగొచ్చాడు. ముందు నడిపి చూడు, నచ్చితే కొనుక్కో, నేనింక నోరెత్తను అని మమ్మల్ని కరెంటు కార్ల షోరూముకి తీసుకెళ్ళాడు. నేను పట్టుచీర కట్టుకున్నాను. నడుము నొప్పని సదర్ బజార్లో ఒక చిన్న దిండు కూడా కొని పట్టుకెళ్ళాను. తీరా ముందు తలుపు తియ్యబోతే షోరూమాయన అడ్డొచ్చి వెనక కూర్చోమన్నాడు. "ఆంటీజీ, ఆప్ పీఛే బైఠియే." టెస్ట్ డ్రైవులో ముందు సీటు వాళ్ళదట, రూలట. మా ఆయన నా వైపు చూశారు. నేను కూర్చుంటానని గట్టిగా ఒక్క మాట అనలేకపోయాను. సిగ్గేసింది. ఎందుకు సిగ్గుపడ్డానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తమ్ముడు షోరూములోనే ఉండిపోయాడు. కారు చప్పుడు లేకుండా కదిలింది. వెనక నుంచి నాకు ఆయన మెడ కనిపించింది, అద్దంలో కళ్ళు మాత్రం కనిపించాయి. ఆ కళ్ళ కోసమే ముందుకు వంగి కూర్చున్నాను. "అచ్చం మన బండిలాగే లాగుతోందే" అన్నారు, నాతోనే.

నాలుగు రోడ్ల చౌక్ దగ్గర ముందున్న బళ్ళు ఆగితే ఆయనా ఆపారు. కాసేపటికి అవి వెళ్ళిపోయాయి. ఆయన కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. "సర్, చలియే" అని పోనివ్వమన్నాడు షోరూమాయన. ఆయన కదల్లేదు. అద్దంలో చూస్తే కళ్ళు చికిలించి, ఎండలో పైకి చూస్తూ వెతుకుతున్నారు.

"ఏటి పడిందే?" అని అడిగారు. పక్కనున్నాయన్ని కాదు, నన్ను.

ఇంజన్లో సిగ్నల్ ఏది పడిందో ఒకరు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. ఆయన చెప్పగా విన్నదే.

"గ్రీన్" అన్నాను.

"గ్రీన్" అన్నారాయన. బండి కదిలింది.

చౌక్ దాటగానే పక్కకి తీసి ఆపేశారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కళ్ళ పరీక్షలు జరిగేవి, రిటైరయ్యాక ఎవరూ చూడలేదు, మేమూ చూపించుకోలేదు. కంటి నరం పోయిందని, పోయిన చూపు రాదని డాక్టరు చెప్పింది తర్వాత. ఆయన మాత్రం ఆ రోడ్డు పక్కనే తేల్చేసుకున్నారు. ఆ పాడు వాదన ఒక్క ఏడాది ముందు ముగిసుంటే నాకు ఒక్క ఏడాదైనా దక్కేది.

"బండి చాలా బాగుంది. దాని తప్పేమీ లేదు" అని హిందీలో చెప్పి, తాళం షోరూమాయన చేతికిచ్చారు. అతను దిగి స్టీరింగు ముందుకి మారాడు. ఆయన వెనక తలుపు తీసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. తన కళ్ళ గురించేననుకుని, ఏం కాదులేవే అని నా చెయ్యి నిమురుతున్నారు. ఎలా చెప్పను? నేను ఏడుస్తున్నది అప్పుడే ఖాళీ అయిన ఆ ముందు సీటుని చూసి.