గ్యెరాత్ పేరు ముందు గడి

మా అస్కాలకు గర్వం లేదంటే నేను ఒప్పుకోను. వోల్కితె బస్టాండు పక్కన పాతికేళ్ళు టైపు మిషను ముందు కూర్చుని ఊరందరి అర్జీలూ కొట్టిన మనిషి. ఆమె గదిని ఆనుకునే నా కాఫీ కొట్టు. అమ్హారిక్ మిషనులో మా గురాగె భాష అక్షరాలు కొన్ని ఉండవు. అవి రావలసిన చోట ఖాళీ వదిలి, తరవాత కలంతో దిద్దేది. నెత్తిన చిన్న టోపీ ఉన్న ‘గ్యె’ ఆమె చేతిలో అచ్చు కన్నా అందంగా వచ్చేది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

తరవాత కంప్యూటరు కొంది. అందులో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుందట. మా గ్యెకూ ఈ మధ్యే అంకె వచ్చిందని విని కొట్టి చూస్తే, తెర మీద ఖాళీ గడి కనిపించింది. అంకె పుట్టింది గానీ దాని మొహం ఈ మిషను ఇంకా చూడలేదంది అస్కాల. ఇంకేముంది, మళ్ళీ పాత పద్ధతే. అచ్చు తీయడం, గడి మీద కలంతో దిద్దడం.

ఆ నెల మా పేటవాళ్ళం చావుల ఖర్చుకు చందాలు వేసుకునే సంఘం, ఇదిర్ జాబితా కూడా ఆమే కొట్టింది. ఇదిర్‌లో పేరుంటే పోయిననాడు గుడారం, వంటగిన్నెలు, మోసే భుజాలు అన్నీ వాటంతటవే వస్తాయి. సమావేశం నాటి పొద్దున గానీ కరెంటు రాలేదు. అస్కాల హడావుడిగా అచ్చు తీసి కొత్త కార్యదర్శి ఫెరెజా చేతిలో పెట్టింది, కలం సంగతే మరిచిపోయింది.

మా పాత పుస్తకంలో పోయినవాళ్ళ పేరు ముందు గడి గీసేవాళ్ళు. ఫెరెజా కాగితంలోంచి తల ఎత్తకుండా రెండు వందల పేర్లు పిలిచాడు. గడి ఉన్న ఒక్క పేరూ దాటేశాడు. అది గ్యెరాత్ పెద్దమ్మది, గ్యె రావలసిన చోట గడే మిగిలిపోయింది. ఆమె మూడో వరసలో కూర్చునే ఉంది.

పిల్లాజెల్లా లేని ముసలిది. నెతెల శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది. వారమైనా కాఫీకి రాకపోతే నేనే వెళ్ళాను. కొచ్చో రొట్టె ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“నేనేం తప్పు చేశానే? ఇంక నన్నెవరు మోస్తారు?” అంది.

తిన్నగా ఫెరెజా దగ్గర జాబితా లాక్కుని అస్కాల ముందు విసిరి, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె గడిని చూసి కుర్చీలో కూలబడింది. ఇప్పుడు దిద్దవే అన్నాను. దిద్దనంది. మళ్ళీ మరిచిపోనని తనకే నమ్మకం లేదంది.

తెల్లారి రాజధానికి, అడిస్ బస్సెక్కింది. అక్కడొక ముద్రాపకుణ్ణి బతిమాలి కొత్త అక్షర రూపాలు డిస్కులో తెచ్చుకుంది. మిషనులో వేసి అదే అంకె కొట్టింది. గడి పోయి, టోపీ పెట్టుకుని గ్యె నిలబడింది. ఎప్పుడూ కంటతడి పెట్టని మనిషి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కాగితం తీసుకుని ఇద్దరం పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. జరిగిందంతా అస్కాలే చెప్పి, తప్పు తనదేనంది. పెద్దమ్మకు చదువు రాదు. ఇందులో నేనెక్కడున్నానని అడిగింది. అస్కాల ఆమె వేలు పట్టుకుని అక్షరం మీద పెట్టింది. పెద్దమ్మ వేలికి తడి చేసుకుని దాని మీద రుద్దింది, వేలు చూసుకుంది, మళ్ళీ రుద్దింది.

“కలంతో రాసింది కాదు గదా? చెరిగిపోదు గదా?”

“ఇంక చెరగదు పెద్దమ్మా.”

మరుసటి నెల ఫెరెజా గొంతెత్తి గ్యెరాత్ అని పిలిచాడు. జవాబు లేదు. అందరం తిరిగి చూశాం. మూడో వరసలో మూతి బిగించి కూర్చుని ఉంది. రెండోసారి పిలిచాడు.

“ఉన్నానయ్యా,” అంది. “మొదటి పిలుపు పోయిన నెలది.”